సుద్దముక్క అడిగిన కోడలు

"గట్టిగా ఉన్నాయి కాబట్టే తిరిగొచ్చాయి," అన్నాడు బాలశౌరి.

"మూతే తియ్యని డబ్బాలో చక్రాలు గట్టిగా ఉన్నాయో మెత్తగా ఉన్నాయో మీకెవరు చెప్పారండీ?" అంది తెరేసమ్మ.

"ఒకరు చెప్పేదేంటి? నేను తిన్నాగా."

"ఎప్పుడు తిన్నారు?"

బాలశౌరి నాలిక్కరుచుకున్నాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఎర్రజెండా, పచ్చజెండా తప్ప మూడోది ఎరగడు కాబట్టి అబద్ధం ఆడటం చేతకాదు. శుక్రవారం ఆవిడ చక్రాలు వేయించి కాగితం మీద ఆరబోసినప్పుడే రెండు నోట్లో వేసుకున్నాడు. పెట్టుడుపళ్ళు కట్టించుకున్న దగ్గర్నుంచీ ఆయనకి ఇడ్లీ కూడా గట్టిగానే తగులుతోంది. ఆ మాట మాత్రం చచ్చినా ఒప్పుకోడు.

"పళ్ళు ఊడితే పిండిని తిట్టాడట వెనకటికెవడో," అని డబ్బా అవతలికి జరిపింది తెరేసమ్మ.

"అయితే మూత తీసి పెట్టు. ఇప్పుడే తేలిపోతుంది."

"తియ్యను. ఎవరి కోసం చేశానో వాళ్ళు తినలేదు. ఇంట్లో ఎవరూ తినక్కర్లేదు."

నిన్న సాయంత్రం నుంచీ ఆ బిస్కెట్ల డబ్బా భోజనాలబల్ల మీద అలాగే ఉంది. మూత ఊడకుండా ఆవిడ చుట్టిన పాత చీర అంచు, వేసిన ముడి వేసినట్టే ఉంది.

వారం వారం శనివారం మధ్యాహ్నం యూనివర్సిటీ లెక్కల డిపార్టుమెంటులో సెమినార్ జరుగుతుంది. ఒకళ్ళు బోర్డు దగ్గర నిలబడి తాము కొత్తగా సాధించిందేదో చెబుతారు. మిగిలినవాళ్ళు విని, పట్టి పట్టి ప్రశ్నలడుగుతారు. ఆ రోజు సెమినార్ ఎవరిదైతే టీలోకి ఫలహారం వాళ్ళింటి నుంచే రావాలని అక్కడో ఆనవాయితీ. ఏ సిద్ధాంతం నిలిచిందో మర్చిపోతారు గానీ ఎవరింటి పకోడీ మెత్తబడిందో ఏడాది దాకా చెప్పుకుంటారని ఆవిడ కొడుకు మరియదాసు నవ్వుతూ చెబుతుండేవాడు. తెరేసమ్మకి అందులో ఓ గర్వం. తన చేతి డబ్బా ఏనాడూ పిండి నలుసుతో కూడా తిరిగి రాలేదు.

నిన్న మరియదాసు సెమినార్. డబ్బా నిండుగా తిరిగొచ్చింది.

డబ్బా సంగతి అలా ఉంచితే, వెనకాలే వచ్చిన మనుషుల సంగతి ఇంకా వింతగా ఉంది. కొడుకు బెజవాడలో కాలేజీ లెక్చరరు. ఉద్యోగం చేసుకుంటూనే మూడేళ్ళుగా డాక్టరేటు కోసం పనిచేస్తున్నాడు. కోడలు అమల నిరుడు అదే డిపార్టుమెంటులో, అదే ప్రొఫెసరు దగ్గర పరిశోధనకి చేరింది. శనివారం ఇద్దరూ ఒకే బస్సెక్కి ఒకే బస్సు దిగుతారు. నిన్నా అలాగే దిగారు. కానీ కాలవగట్టు మీద మధ్యలో ఎవరో మూడోమనిషి నడుస్తున్నట్టు అంత దూరంగా నడిచి వచ్చారు. వచ్చి అతను వరండాలో, ఆమె పెరట్లో కూర్చున్నారు. రాత్రి అన్నాలు ఉలుకూ పలుకూ లేకుండా అయిపోయాయి.

ఈ ఇంటికి నిశ్శబ్దం అలవాటు లేదు. పెళ్ళయింది మొదలు వీళ్ళిద్దరూ ఎడ్డెమంటే తెడ్డెమంటూ లెక్కల మీద కొట్లాడుకోని సాయంత్రం లేదు. కంచాల్లో పెరుగన్నం మీద వేలితో బాణాలు గీసుకుంటూ, పప్పు మీద ఈగ వాలినా చూసుకోకుండా వాదించుకునేవాళ్ళు. చూసి చూసి తెరేసమ్మే ఒక కట్టుబాటు పెట్టింది: కంచాల దగ్గర లెక్కల మాట ఎత్తకూడదని. అన్నాళ్ళూ ఆ గోలని విసుక్కున్న మనిషికి, నిన్న రాత్రి ఇంట్లో ఏ మూలా ఆ గోల లేకపోయేసరికి అన్నం సయించలేదు.

"ఇంతకీ ఏం జరిగిందట?" గొంతు తగ్గించి అడిగాడు బాలశౌరి.

"చెబితేగా! మీ కొడుకు తెల్లారగట్లే చర్చిలో మొదటి పూజకెళ్ళాడు. ఆ పోవడం పోవడం ఇంకా ఇల్లు చేరలేదు. రెండో పూజకి వేళవుతోంది, మీరు చొక్కా తొడుక్కోండి."

వరండాలో జపమాల తిప్పుతున్న శౌరమ్మ అక్కణ్ణుంచే అందుకుంది. "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను. ఒక ఇంట్లో ఇద్దరు లెక్కలవాళ్ళుంటే ఆ ఇంటి కూడిక కుదరదు."

శౌరమ్మ బాలశౌరికి అక్కగారు. నిరుడు తుపానుకి దివిసీమలో ఇల్లు పోయి తమ్ముడి పంచన చేరింది. జపమాల వేళ్ళ మధ్య ఎంత మెల్లగా కదిలితే ఆవిడ చెవులు అంత చురుగ్గా పనిచేస్తున్నాయని అర్థం.

*

పూజ అయ్యాక అమల ఎవరి కోసమూ ఆగలేదు. ముసుగు సర్దుకుని గబగబా ఇంటిదారి పట్టింది. తెరేసమ్మ గుడి మెట్ల దగ్గర నిలబడి అంతోని కోసం చూసింది. అంతోని కూడా ఆ డిపార్టుమెంటులోనే పరిశోధన చేస్తున్నాడు. వీళ్ళింటికి శనివారాలు వచ్చి చనువుగా అన్నం తినే కుర్రాడు. నిన్న మాత్రం ఆ దరిదాపులకి రాలేదు. ఇప్పుడు ఆవిణ్ణి చూసి స్తంభం చాటుకి పోబోయాడు.

"అంతోనీ! ఇలా రా నాయనా."

"వస్తున్నానండీ పిన్నిగారూ. అమ్మకి కొవ్వొత్తులు..."

"కొవ్వొత్తులు ఎక్కడికీ పోవు. నిన్న సెమినార్లో ఏమైంది?"

"మీకు చెప్పలేదాండీ?" అతని మొహం అటూ ఇటూ కాకుండా అయిపోయింది. "నేను చెప్పానని అనకండి మరి."

అంతోని చెప్పుకొచ్చాడు. వాళ్ళ ప్రొఫెసరు వెంకటకృష్ణారావుగారిది ఒక పద్ధతి. సెమినార్లో ఎవరికైనా తప్పు కనబడితే కూర్చున్నచోటు నుంచి అరవకూడదు. కూర్చుని రాళ్ళు ఎవడైనా వేస్తాడంటారాయన. లేచి బోర్డు దగ్గరికి రావాలి, మాట్లాడుతున్నవాళ్ళని సుద్దముక్క అడిగి తీసుకోవాలి, తప్పు ఎక్కడో రాసి చూపించాలి. అంతటితో వదలరు. సుద్దముక్క పుచ్చుకున్నవాళ్ళే వచ్చే శనివారం సెమినార్ ఇవ్వాలి. ఆ భయానికే చాలామంది తప్పు కనబడినా కనబడనట్టు కూర్చుంటారు.

"నిన్న మరియదాసు అన్న చాలా బాగా చెబుతున్నాడండీ. నిరూపణలో మూడో మెట్టు దగ్గరికి వచ్చేసరికి అమలక్క లేచింది. లేచి..."

అంతోని జేబురుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

"లేచి?"

"'ఏమండీ, ఒక్క నిమిషం, ఆ సుద్దముక్క ఇలా ఇస్తారా' అందండీ. వంటింట్లోంచి ఉప్పుగిన్నె అందుకోమన్నట్టు!"

"మొగుణ్ణి ఏమండీ అనక ఏమోయ్ అంటారా? అందులో నవ్వేదేముంది?"

"ఏమీ లేదండీ. కానీ గదంతా నవ్వింది. మాకెవరికీ వాళ్ళు భార్యాభర్తలని ఆ గదిలో గుర్తుండదు పిన్నిగారూ. ఒక్కసారి గుర్తొచ్చేసరికి... ప్రొఫెసరుగారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు."

"నువ్వో?"

"నేను కొంచెమే నవ్వానండి."

తెరేసమ్మ అతని వంక ఎంతసేపు చూసిందంటే, ఆ కొంచెం నవ్వుకి కూడా అంతోని తలొంచుకున్నాడు.

"తర్వాత?"

"తర్వాత ఎవరూ నవ్వలేదండీ. అమలక్క బోర్డు మీద రెండే వరసలు రాసింది. అన్న చూశాడు, ప్రొఫెసరుగారు చూశారు. చివరికి 'ఇవాళ్టికి చాలు' అని ప్రొఫెసరుగారు లేచిపోయారు. టీ కూడా తాగలేదు. ఆ మెట్టు మీదే అన్న థీసిస్‌లో మూడు అధ్యాయాలు నిలబడి ఉన్నాయి మరి."

వెనక ఎప్పుడొచ్చి నిలబడిందో, శౌరమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "నలుగుర్లో మొగుడి చేతిలో సుద్దముక్క లాక్కుందా?"

"లాక్కోలేదండీ, అడిగింది."

"అడిగి లాక్కుంది!" అని తీర్పు చెప్పేసింది శౌరమ్మ.

*

ఇంటికొచ్చేసరికి పెరట్లో రుబ్బురోలు చప్పుడు వినబడుతోంది. ఆదివారం కోడికూరలోకి గారెలని రాత్రే మినప్పప్పు నానబోసింది తెరేసమ్మ. అమల చీరకుచ్చెళ్ళు ఎగదోపుకుని రుబ్బుతోంది. పొత్రం తిరిగే ఊపు చూస్తే పప్పు మీద పాతపగ ఉన్నట్టుంది.

తెరేసమ్మ ముక్కాలిపీట వేసుకుని పక్కన కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక నీళ్ళ చెంబు దగ్గరికి జరిపింది.

"అంతోని చెప్పాడు," అంది చివరికి.

పొత్రం ఆగింది.

"ఏమని చెప్పాడు? ఏమండీ అన్నానని చెప్పాడా?"

"అదీ చెప్పాడు. ఇంతకీ ఆ మూడో మెట్టుకి ఏమొచ్చింది? నాకు అర్థమయ్యేట్టు చెప్పు."

అమల అత్తగారి వంక కొత్తగా చూసింది. లెక్కల మాట వస్తే చాలు చేతులు అడ్డం పెట్టే మనిషి!

"రెండు పనులున్నాయనుకోండి అత్తయ్యా. ఒకదాని తర్వాత ఒకటి చెయ్యాలి. ఏది ముందు చేసినా ఫలితం ఒకటే అయితే గొడవ లేదు. ఉప్పు ముందేసినా కారం ముందేసినా ఒకటే. కానీ ఈయన పనిచేస్తున్న చోట అలా కాదు. వరస మారితే ఫలితం మారిపోతుంది. మూడో మెట్టు దగ్గర ఈయన తెలియకుండానే ముందుది వెనక, వెనకది ముందు రాసేశారు."

తెరేసమ్మ రోట్లోకి చూసింది. "ముందు నానబోసి తర్వాత రుబ్బితే గారెలపిండి."

"ఆఁ. ముందు రుబ్బి తర్వాత నానబోస్తే?"

"కుడితి అవుద్ది."

అమలకి నవ్వొచ్చింది. నిన్నటి నుంచీ మొదటి నవ్వు. అది వచ్చినంత త్వరగానూ పోయింది.

"అంత తేలికది మూడేళ్ళూ వాడికెలా కనబడలేదే?"

"ఈయనకే కాదు, సర్‌కీ కనబడలేదు. నాకూ శుక్రవారం దాకా కనబడలేదు. అప్పుడైనా అనుమానమే. ఆ రాత్రి అన్నాల దగ్గర చెప్పబోయాను కూడా. 'ఆ మూడో మెట్టు ఒకసారి...' అన్నాను." అమల పిండి పైకి తోసుకుంటూ ఆగింది. "మీరు వద్దన్నారు."

తెరేసమ్మకి జ్ఞాపకం వచ్చింది. చారు వడ్డిస్తూ గరిటె ఎత్తి 'కంచాల దగ్గర లెక్కలొద్దన్నానా లేదా' అంది తనే. ఇద్దరూ బడిపిల్లల్లా నోళ్ళు మూసుకున్నారు. తనకి అప్పుడు ముచ్చటేసింది కూడా.

"తర్వాత చెప్పకపోయావా?"

"తర్వాత ఈయన పరీక్ష పేపర్లు ముందేసుకున్నారు. పోనీ బస్సులో చెబుదామంటే నాకు ముందు ఆడవాళ్ళ సీట్లో, ఈయనకి వెనకాల చోటు దొరికింది. బ్యారేజీ దాటాక వెనక్కి తిరిగి సైగ చేశాను. టికెట్టు తీసుకున్నానని ఈయన చూపించారు." అమల తల అడ్డంగా ఊపింది. "అక్కడ బోర్డు మీద ఆయన రాస్తుంటే నా కళ్ళముందే అనుమానం కాస్తా నిజమైపోయింది. చూస్తూ ఎలా కూర్చోను?"

"కూర్చోకూడదు. అందుకు కాదు నేను అడిగేది. వాడికి కోపమొచ్చిందని కదా నువ్వు బాధపడుతున్నావు?"

"కోపమొస్తే కోప్పడతారు, అదేముంది? మేం రోజూ కొట్లాడుకునేదేగా." అమల గొంతు సన్నబడింది. "అత్తయ్యా, ఆ గదిలో ఏడాదిగా నన్ను అందరూ 'మిసెస్ మరియదాసు' అనకుండా అమల అంటున్నారు. అది ఎంత కష్టపడి తెచ్చుకున్నానో మీకు తెలీదు. నిన్న నా నోటితోనే పోగొట్టుకున్నాను. పదేళ్ళ తర్వాతైనా వాళ్ళకి గుర్తుండేది నేను పట్టుకున్న తప్పు కాదు. ఏమండీ అన్న మాటే."

తెరేసమ్మకి తన పెళ్ళయిన కొత్తలో బాలశౌరిని ప్లాట్‌ఫారం మీద అందరి ముందూ పిలవాల్సొచ్చి, ఏమని పిలవాలో తెలియక రైలు వెళ్ళిపోయేదాకా అలాగే నిలబడిపోవడం గుర్తొచ్చింది.

"వచ్చే శనివారం నా సెమినార్ అట. నేను ఇవ్వను. రేపు వెళ్ళి సర్‌తో మానేస్తున్నానని చెప్పేస్తాను. సెమినార్ ఒక్కటే కాదు, మొత్తం."

"మొత్తం అంటే?"

పొత్రం మళ్ళీ తిరిగింది. ఈసారి ఊపు లేదు.

*

ఎండ నడినెత్తికి వచ్చాక మరియదాసు ఇల్లు చేరాడు. పెరటి కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే తెరేసమ్మ తువ్వాలు పట్టుకుని వెళ్ళింది. ఆవిడ వెనక పొయ్యి మీద నూనె కాగుతోంది.

"ఎక్కడికెళ్ళావురా పొద్దుటనగా?"

"గుంటూరు. సర్ ఇంటికి."

"అమల మీద కోపంతోనా?"

మరియదాసు మొహం మీద నీళ్ళు తుడుచుకోవడం ఆపి తల్లి వంక చూశాడు. "అమల మీద నాకెందుకమ్మా కోపం? అది కనబడకుండా థీసిస్ అచ్చయి బయటికి పోయి ఉంటే నా మొహం ఏమయ్యేది?"

"మరి నిన్నట్నుంచీ నోరు విప్పవేం?"

"ఎలాగైనా ఆ మెట్టు నిలబెడదామని చూస్తున్నా. నాలుగు రకాలుగా చూశా. నిలబడట్లా." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "బాగుచేసి చెబుదామనుకున్నా. చేతకాలేదని ఏం చెప్పను?"

"అదే చెప్పాలి. వెళ్ళి దానితో..."

"చెబుతానమ్మా. సర్‌తో మాట్లాడి ఒకటి తేల్చుకుని వచ్చా. అన్నాల దగ్గర అందరికీ చెబుతా."

"అన్నాల దగ్గర కాదురా, ముందు..."

"తెరేసమ్మా, నూనె పొగలొస్తోంది!" అని లోపల్నుంచి శౌరమ్మ కేక. తెరేసమ్మ పరుగెత్తింది. చెప్పవలసిన మాట సగంలోనే పోయింది.

*

అందరూ సిలువ గుర్తు వేసుకున్నారు. బాలశౌరి భోజనం ముందు జపం చెప్పాడు. గారెలు వేడివేడిగా ఉన్నాయి, కోడికూర ఘుమఘుమలాడుతోంది. మామూలుగా అత్తాకోడళ్ళు వడ్డించి తర్వాత కూర్చుంటారు. ఇవాళ తెరేసమ్మ అమల చెయ్యిపట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, తనూ కూర్చుంది. బల్ల మధ్యలో చక్రాల డబ్బా ముడితో సహా అలాగే ఉంది.

"ఇవాళ్టి నుంచి కంచాల దగ్గర లెక్కలు మాట్లాడుకోవచ్చు," అంది తెరేసమ్మ.

బాలశౌరి చేతిలో గారె చేతిలోనే ఉండిపోయింది. మరియదాసు, అమల ఆమె వంకే చూశారు. ఒకరి వంక ఒకరు చూసుకోలేదు.

"ఉన్న గొడవ చాలకనా?" అంది శౌరమ్మ.

"ఉన్న గొడవ ఆ మాట వద్దనడం వల్లే వచ్చింది వదినా. మీరు తినండి."

మరియదాసు గొంతు సవరించుకున్నాడు. క్లాసులో పాఠం మొదలుపెట్టేముందు అలాగే సవరించుకుంటాడు.

"అయితే నేను చెప్పాల్సింది చెబుతాను నాన్నా. పొద్దున సర్‌ని కలిశాను. మూడో మెట్టు పోయింది, దాంతో మూడు అధ్యాయాలూ పోయాయి. మూడేళ్ళుగా ఆ మెట్టు నేనూ ఎక్కి దిగుతున్నానయ్యా, నాకూ కనబడలేదన్నారు సర్. ఈ ఏడు నేను థీసిస్ ఇవ్వడం లేదు."

"అంటే?" బాలశౌరి గారె కంచంలో పెట్టేశాడు.

"అంటే మళ్ళీ మొదటికి. వేరే విషయం తీసుకుంటాను. ఇక ఈ పని సంగతి. వరస మారిస్తే ఎక్కడ చెడుతుందో, ఎక్కడ చెడదో అని అమల రాసిన రెండు వరసల్లోంచే ఒక కొత్త దారి కనబడుతోందన్నారు సర్. అది అమలది. వచ్చే శనివారం సెమినార్ అమల ఇస్తుంది. ఆ పనంతా తన పేరు మీదే ముందుకి తీసుకెళుతుంది. నేను పూర్తిగా వదిలేస్తున్నానని సర్‌కి చెప్పేసి వచ్చాను."

కాలవ మీద పడవవాడెవడో ఎవర్నో పిలుస్తున్న కేక లోపలిదాకా వినబడింది.

"మూడేళ్ళ కష్టం పెళ్ళాం చేతిలో పెట్టేశావట్రా?" అంది శౌరమ్మ.

"చేతిలో పెట్టడం కాదత్తా. తప్పు చూసింది తను."

"ఎర్రజెండా ఊపినవాడికే రైలు ఇచ్చేస్తారా ఎక్కడన్నా?" అన్నాడు బాలశౌరి. తిడుతున్నాడో మెచ్చుకుంటున్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు. కళ్ళు మాత్రం చెమ్మగిల్లాయి.

తెరేసమ్మ కొడుకు మొహంలోకి చూసింది. చిన్నప్పుడు తన వాటా తాయిలం చేతిలో పట్టుకుని, ఇచ్చేశాను చూడమని వచ్చి నిలబడినప్పుడు ఉండే మొహమే అది. దాని మీద కోప్పడటం ఎవరి తరమూ కాదు. ఆవిడ ఆ మురిపెంలో ఉండగానే పక్కనుంచి మెల్లగా ఒక మాట వచ్చింది.

"నన్నడిగారా?" అంది అమల.

మరియదాసుకి అర్థం కాలేదు. "ఏంటి?"

"శనివారం నేను సెమినార్ ఇస్తానని సర్‌కి చెప్పారు. ఆ పని నేను చేస్తానని చెప్పారు. ఇప్పుడు ఇక్కడ చెబుతున్నారు. నన్నెప్పుడు అడిగారు?"

"నీకిష్టమే అనుకున్నా... నీ మంచికేగా అమలా?"

"మంచి పనే. ఎవరు కాదన్నారు?" అమల గొంతులో కోపం లేదు. అదే మరియదాసుని ఎక్కువ కంగారుపెట్టింది. "ముందు నన్నడిగి తర్వాత సర్‌కి చెప్పాలి. మీరు ముందు సర్‌కి చెప్పి తర్వాత నాకు చెబుతున్నారు."

తెరేసమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆపుకుందామన్నా మాట ఆగలేదు.

"కుడితి చేశావు కదరా!"

"కుడితేంటి?" అన్నాడు బాలశౌరి.

ఎవరూ ఆయనకి విడమరిచి చెప్పలేదు. మరియదాసు తల్లి వంకా భార్య వంకా మార్చి మార్చి చూశాడు. మెల్లగా అతని చెవులు ఎర్రబడ్డాయి. నిన్న బోర్డు ముందు ఆ రెండు వరసలు చూసినప్పుడు కూడా ఇలాగే ఎర్రబడి ఉంటాయనుకుంది తెరేసమ్మ.

"నిన్న నవ్వారనా నీ బాధ?" అన్నాడతను. "వాళ్ళు నవ్వింది నన్ను చూసి అమలా."

"ఎవర్ని చూసి నవ్వితేనేం? ఆ గదిలో నన్ను మీరు తీసుకెళ్ళి నిలబెట్టారని నిన్న అనుకున్నారు. శనివారం నేను లేచి నిలబడితే, ఆ పని కూడా మీరే ఇచ్చారని అనుకుంటారు. సర్ ఇప్పటికే అనుకుని ఉంటారు."

అమల ఎంగిలి కాని ఎడమచెయ్యి చాపి డబ్బా తన వైపు లాక్కుంది. పాత చీర అంచు ముడి పళ్ళతో పట్టి ఊడదీసింది. మూత తీసి ఒక చక్రం విరిచి నోట్లో వేసుకుంది. అందరూ ఆ నమలడం చూస్తూ కూర్చున్నారు.

"కొంచెం గట్టివే అత్తయ్యా," అంది.

"చెప్పానా!" బాలశౌరి బల్ల మీద ఒక్క దెబ్బ వేశాడు. "ఈ ఇంట్లో నిజం చెప్పేది ఒక్క అమ్మాయే!"

"కానీ బాగున్నాయి," అంటూ ఇంకో ముక్క తీసుకుంది అమల.

తెరేసమ్మ మొహం ముడుచుకోబోయి ఊరుకుంది. కోడలు మొహమాటానికి ఒక్క మాట కలపదు. అందుకే ఆ 'బాగున్నాయి' ఎవరి మెప్పుకన్నా బరువుగా తోచింది.

"రేపు నేను యూనివర్సిటీకి వెళుతున్నాను మావయ్యగారూ," అంది అమల. బాలశౌరితోనే అన్నా మాట బల్లంతటికీ వినబడింది. "ఒక్కదాన్నే వెళతాను. సర్‌కి చెప్పాల్సింది నేనే చెప్పుకుంటాను. ఇస్తాననో, మానేస్తాననో, అక్కడ చెబుతాను."

పొద్దున రోటి దగ్గర 'మానేస్తానని' ఒక్కటే చెప్పిన సంగతి తెరేసమ్మకి గుర్తుంది. ఇప్పుడు అవి రెండయ్యాయి. ఆవిడ గబుక్కున ఇంకో గారె కోడలి కంచంలో వేసింది.

"ఏమని చెబుతావమ్మా?" అని శౌరమ్మ అందరి ప్రశ్నా తనే అడిగేసింది.

అమల నవ్వి ఇంకో చక్రం విరిచింది.

మరియదాసు డబ్బాలోకి చెయ్యి పెట్టబోయి, ఆగి, భార్య వంక చూశాడు. "తీసుకోవచ్చా?"

"అడిగారుగా, తీసుకోండి."

అతను చక్రం తీసుకున్నాడు, తినలేదు. వేళ్ళ మధ్య తిప్పుతూ, తగ్గు గొంతుతో, "నాకైనా చెప్పవా రేపు ఏం చెబుతావో?" అన్నాడు.

"చెబుతాను. ముందు సర్‌కి. తర్వాత మీకు."

"వరస మార్చకూడదా?"

"ఈసారి కుదరదండీ," అంది అమల.